జుబ్బా ఏటి ఒడ్డు నుంచి మెయిన్ దాకా

నా ఉద్యోగమంతా విత్తనాలతోనే గడిచింది. పటాన్‌చెరులో జొన్న మీద కొంతకాలం పనిచేశాను, ఆ తర్వాత నైరోబీలో ఉంటూ తూర్పు ఆఫ్రికా అంతా తిరిగాను. రిటైరయ్యాక ఎండాకాలాలు మా అమ్మాయి వాళ్ళింట్లో, అమెరికా ఈశాన్యపు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో గడుపుతున్నాను. ఇక్కడ లూయిస్టన్ అని పాత బట్టల మిల్లుల ఊరొకటి ఉంది. దాని చుట్టుపక్కల పొలాల్లో సోమాలీ బంటూలనే జనం సేద్యం చేస్తున్నారు. కెన్యా శిబిరాల్లో రేషను కార్డు పట్టుకుని నిలబడగా చూసిన జనాన్ని ఇక్కడ మొక్కజొన్న చేలో చూడగలగడం నాకు పెద్ద సంతోషం.

అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తిచేసి సేవాసంస్థల్లో చేరుతున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, శరణార్థి శిబిరంలో పోస్టింగ్ వచ్చింది, ఏం చదువుకుని వెళ్ళమంటారు?" అని. చదవాల్సినవి చెబుతాను. చదువు కన్నా ముందు తెలుసుకుని వెళ్ళాల్సినవి ఇక్కడ రాస్తున్నాను. ఒక్క జనం కథనే పట్టుకుని చెబుతాను. పైపైన పది దేశాలు చూపించడం కన్నా అదే మేలు.

1. నేర్పే ముందు వినండి

శరణార్థి అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి గుడారం, రేషను వరస, చాచిన చెయ్యి. ఆ చెయ్యి అంతకు ముందు ఏం పని చేసేదని అడిగేవాళ్ళు తక్కువ. సోమాలియా అంటే అందరికీ ఒంటెలు, ఎండిన నేల గుర్తుకొస్తాయి. దేశంలో ఎక్కువ భాగం అలాంటిదే. కానీ దక్షిణాన ఇథియోపియా కొండల్లో పుట్టి వచ్చే రెండు నదులున్నాయి, జుబ్బా, షబెల్లె. దేశానికి ధాన్యాగారం ఆ నదుల నడిమి ప్రాంతమే. జుబ్బా దిగువన నేల దున్ని ఆ తిండి పండించినవాళ్ళే ఈ సోమాలీ బంటూలు.

వాళ్ళ సేద్యం లెక్క చూడండి. నది పొంగినప్పుడు నీళ్ళు వెళ్ళి నిలిచే పల్లపు భూములుంటాయి. వాటిని ధషీగ్‌లు అంటారు. వరద తీశాక ఆ నేల నెలల తరబడి పదును పట్టి ఉంటుంది. నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ అంచు నుంచి లోపలికి విత్తుకుంటూ పోతారు. మొక్కజొన్న, నువ్వులు, బొబ్బర్లు. ఏటి గట్టు మీద నేల వేరు, వాన మీదే ఆధారపడ్డ మెరక వేరు. ఏప్రిల్‌లో మొదలయ్యే 'గూ' వానలు, అక్టోబరులో వచ్చే 'డేర్' వానలు, ఇలా ఏటా రెండు కార్లు. వీలున్న రైతు ఈ నేలలన్నిట్లోనూ తలా కాస్త వేసుకునేవాడు. వరద మరీ ఎక్కువై పల్లం మునిగితే మెరక పండుతుంది, వాన మొహం చాటేస్తే పల్లం ఆదుకుంటుంది. గోదావరి లంకల్లో సేద్యం ఎరిగినవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

నాగలి, ఎద్దులు ఎందుకు లేవని కొత్తగా వెళ్ళినవాళ్ళు అడుగుతారు. ఆ ఏటి అడవుల్లో ట్సెట్సీ ఈగ ఉంటుంది. అది కుట్టిన పశువు రోగంతో చిక్కి చచ్చిపోతుంది. అందుకని పొట్టి పిడి ఉన్న పారతోనే మొత్తం సేద్యం నడిచింది. దాన్ని యాంబో అంటారు. వెనకబాటుతనం వల్ల వాడిన పనిముట్టు కాదది, ఈగను చూసి ఎంచుకున్న పనిముట్టు. ఇలాంటి కారణం ప్రతి అలవాటు వెనకా ఉంటుంది. అడగందే అది బయటికి రాదు.

మెయిన్ పొలంలో ఒక పెద్దావిడ విత్తే రోజు ఎలా నిర్ణయిస్తుందో దగ్గరుండి చూశాను. పొలానికి చెందిన కుర్రవాడు తేమ కొలిచే మీటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ జానెడు లోతు తవ్వి, అడుగున మట్టి గుప్పెట్లోకి తీసుకుని బిగించింది. గుప్పెట విప్పి ఆ ముద్దను బొటనవేలితో పొడిచింది. ముద్ద విడిపోలేదు, వేలికి అంటుకుని సాగింది. తల అడ్డంగా ఊపి, రెండు వేళ్ళు చూపించింది, ఇంకా రెండు రోజులు ఆగాలని. ఆ మట్టి జుబ్బా మట్టి కాదు. అయినా పదును తెలిసిన చేతికి ఆ తేడా ఒక అడ్డంకి కాలేదు.

2. ఆ జనం ఆ నేలకు ఎలా చేరారో తెలుసుకోండి

పంటల గురించి మాట్లాడితే చాలదా, చరిత్ర ఎందుకు అనకండి. పందొమ్మిదో శతాబ్దంలో జాంజిబార్ సుల్తానుల కాలపు బానిస వ్యాపారంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావి ప్రాంతాల నుంచి మనుషుల్ని పట్టి సోమాలీ తీరంలో అమ్మారు. షబెల్లె ఒడ్డు తోటల్లో వాళ్ళ చేత చాకిరీ చేయించారు. అక్కడి నుంచి తప్పించుకున్నవాళ్ళు జుబ్బా ఒడ్డు అడవుల్లోకి చేరి, చెట్లు కొట్టి ఊళ్ళు కట్టుకున్నారు. తర్వాత ఇటలీ దొరతనం వచ్చి, మళ్ళీ తోటల్లో వెట్టి చేయించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా పశువుల కాపరి తెగల పెద్దరికం కింద వీళ్ళు చిన్నచూపుకే గురయ్యారు.

అంటే వీళ్ళకి సేద్యం బతుకుతెరువు మాత్రమే కాదు. బానిసత్వం నుంచి బయటపడ్డ మనిషి తన చేతులతో తన కోసం చేసుకున్న మొదటి పని అది. శరణార్థి పునరావాసపు ఆఫీసులో కూర్చుని "వీళ్ళకి ఫ్యాక్టరీ పని ఇప్పిస్తే సరిపోతుంది, పొలం దేనికి?" అన్నవాళ్ళని నేను చూశాను. వాళ్ళకి ఈ సంగతి తెలియదు.

3. కాయితం లేని భూమి కాళ్ళ కింద నిలవదు

1975లో సోమాలియా అధ్యక్షుడు సియాద్ బర్రె ప్రభుత్వం ఒక భూచట్టం తెచ్చింది. దేశంలో భూమి అంతా ప్రభుత్వానిది, రిజిస్టరు చేయించుకున్నవాడికే కౌలు హక్కు. వినడానికి బాగానే ఉంది. కానీ జుబ్బా రైతుకి రిజిస్ట్రేషను ఆఫీసు ఎక్కడ ఉందో తెలియదు, తెలిసినా చేతిలో డబ్బు లేదు, లోపల మాట చెప్పేవాడు లేడు. రాజధాని మొగదీషులో పలుకుబడి ఉన్నవాళ్ళు వచ్చి, తరతరాలుగా వేరేవాళ్ళు దున్నుతున్న నేలను తమ పేర రాయించుకుపోయారు. దున్నేవాడికి ఆ సంగతి ట్రాక్టరు వచ్చి తన చేలో దిగిన రోజున తెలిసేది.

కాథరిన్ బెస్టెమన్ అనే మానవశాస్త్రవేత్త 1987-88లో జుబ్బా లోయలో బంటా అనే పల్లెలో ఉండి ఈ భూముల కథను దగ్గర నుంచి చూశారు. యుద్ధం వచ్చి ఆ ఊరు చెదిరిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆవిడ పాఠాలు చెప్పే కాలేజీకి గంట దూరంలోనే, లూయిస్టన్‌లో, ఆ పల్లె మనుషులే మళ్ళీ ఎదురయ్యారు. ఆ రెండు కాలాలనూ కలిపి ఆవిడ 2016లో పుస్తకం తెచ్చారు. మీరు చదవాల్సిన వాటిలో దాన్ని మొదట పెట్టుకోండి.

పట్టాదారు పాసుపుస్తకం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన ఇళ్ళల్లో పుట్టిన మనకి ఈ బాధ అర్థం కావాలి. శరణార్థి రైతు కొత్త దేశంలో భూమి ఇస్తామంటే వెంటనే సంబరపడడు. "ఎవరి పేర? ఎన్నాళ్ళు?" అని అడుగుతాడు. అది అనుమానం అనుకోకండి, అది అనుభవం.

4. ఆకలి వాన వల్లే రాదు

దక్షిణ సోమాలియాలో ధాన్యం నేలలో దాచేవారు. గొయ్యి తవ్వి, లోపల చొప్ప పరిచి, మొక్కజొన్నో జొన్నో పోసి, పైన మట్టి కప్పేస్తారు. బకార్ అంటారు. మన పల్నాటి వైపూ రాయలసీమలోనూ జొన్నల పాతర అంటే ఏమిటో పెద్దవాళ్ళకి తెలుసు, అదే పద్ధతి. గాలి ఆడని చోట పురుగు బతకదు, గింజ ఏళ్ళు నిలుస్తుంది. ఒక కారు పోయినా పాతర ఉంటే ఇల్లు గడుస్తుంది.

1991 జనవరిలో బర్రె ప్రభుత్వం కూలింది. ఆయుధాలు పట్టిన ముఠాలు నదుల నడిమి ప్రాంతం మీద పడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి. వాళ్ళకి తిండి కావాలి, తిండి ఉన్నది రైతు దగ్గర, రైతు దగ్గర తుపాకీ లేదు, అండగా నిలిచే పెద్ద తెగ లేదు. పాతరలు ఎక్కడున్నాయో చెప్పమని కొట్టారు, తవ్వి ఎత్తుకుపోయారు, విత్తనం గింజలతో సహా. 1992 కరువులో ప్రపంచమంతా టీవీల్లో చూసిన ఎముకల గూళ్ళలో దేశానికి తిండి పెట్టిన రైతులే ఎక్కువగా ఉన్నారు. కరువు మండలానికి నడిబొడ్డు ఎడారి కాదు, పంట నేల.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఏదైనా దేశంలో కరువు అనగానే మనం వర్షపాతం లెక్కలు తీస్తాం. నేనూ ఆ లెక్కలతోనే జీతం తిన్నాను, వాటిని తక్కువ చేయను. అయితే ఆ లెక్క పక్కనే, గింజ ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి పోయిందన్న లెక్క కూడా రాసుకోండి. విత్తనం పోయిన ఊరు ఖాళీ అవుతుంది. జుబ్బా ఊళ్ళు అలాగే ఖాళీ అయి కెన్యా సరిహద్దు వైపు నడిచాయి.

5. శిబిరంలో రైతుకి అసలు కొరత పని

కెన్యాలోని దదాబ్ శిబిరాలు 90 వేల మంది కోసం కట్టినవి. 2011 కరువు నాటికి అక్కడ నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారు. నీళ్ళు ట్యాంకుల నుంచి, తిండి రేషను నుంచి. బయటికి వెళ్ళి పని చేసుకోవడానికి కెన్యా ఒప్పుకోలేదు. కట్టెల కోసం దూరం వెళ్ళిన ఆడవాళ్ళ మీద అఘాయిత్యాలు జరిగేవి. బంటూలకి శిబిరం లోపల కూడా పాత చిన్నచూపు తప్పలేదు. వాళ్ళని తమ పూర్వీకుల దేశానికి పంపుదామని మొజాంబిక్‌ని అడిగితే ఆ దేశం తన కష్టాల్లో తానుండి కాదంది. 1999లో అమెరికా ఒప్పుకుంది. సోమాలియా సరిహద్దుకి దగ్గరగా ఉన్న దదాబ్‌లో భద్రత లేదని 2002లో సుమారు 12 వేల మందిని బస్సుల్లో కెన్యా వాయవ్య మూలన ఉన్న కకూమాకి తరలించి, అక్కడ ఇంటర్వ్యూలు చేశారు.

కకూమా నేల మీద ఏడాదిలో వాన పడే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ నేల మీద కూడా రైతన్నవాడు ఊరుకోలేదు. సంచి తోటలు పెట్టారు. పెద్ద గోనె సంచి నడుమ గులకరాళ్ళు నిలువుగా పేర్చి, చుట్టూ మట్టి, మేకల పెంట కలిపి దట్టిస్తారు. సంచి పక్కల చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో ఒక్కో ఆకుకూర మొక్క నాటుతారు. గిన్నెలు కడిగిన నీళ్ళు పైన పోస్తే రాళ్ళ మధ్య నుంచి దిగి అన్ని వైపులా పాకుతాయి. చారెడు చోటులో ఇంటికి కూరాకు వస్తుంది. అది ఆకలి తీర్చేంత కాదు, కానీ పొద్దున లేచాక చేయడానికి ఒక పని ఉంటుంది.

ఇదొక్కటే దారా అంటే, కాదు. పొరుగు దేశాలు వేరే దారి చూపించాయి. 1972 మారణకాండ నుంచి పారిపోయి వచ్చిన బురుండి జనానికి టాంజానియా కటుంబా, మిషామో, ఉల్యంకులు అనే చోట్ల కుటుంబానికి సుమారు 5 హెక్టార్ల అడవి నేల ఇచ్చింది. వాళ్ళు కొట్టి సాగు చేశారు. 1980ల మధ్యకల్లా తమ తిండి తామే పండించుకోవడమే కాక, మొక్కజొన్న, బీన్సు, పొగాకు బయటికి అమ్మే స్థితికి వచ్చారు. 2014లో వాళ్ళలో లక్షా 62 వేల మందికి టాంజానియా పౌరసత్వం ఇచ్చింది. ఉగాండాలో ఇప్పుడు 15 లక్షలకు పైగా శరణార్థులున్నారు, వచ్చిన కుటుంబానికి అక్కడ ఇంటికీ సాగుకీ కాస్త నేల ఇస్తారు. కాకపోతే జనం పెరిగేకొద్దీ ఆ ముక్క చిన్నదవుతూ వచ్చింది. 2016లో తెరిచిన బిడిబిడి కొన్ని నెలల్లోనే రెండున్నర లక్షల మందితో నిండిపోయింది, చాలామందికి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు నేల దక్కింది. అది మన లెక్కలో పావు ఎకరం కన్నా తక్కువ. దాతల డబ్బు తగ్గి రేషను కోసిన ప్రతిసారీ ఆ కొద్ది నేలే చాలామందిని నిలబెట్టింది.

కెన్యాకు కూడా ఇది తెలిసొచ్చింది. 2016లో కకూమా పక్కన కలొబెయేలో ఇంటి తోటలకు వీలిచ్చే కొత్త స్థావరం మొదలుపెట్టింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రైతుని రైతుగా ఉండనివ్వని శిబిరం, ఎంత శుభ్రంగా ఉన్నా, మంచి శిబిరం కాదు.

6. విత్తనంతో పాటు పొద్దు రాదు

ఇది నా సొంత విద్య, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

2003 నుంచి బంటూ కుటుంబాలు అమెరికాలోని ఎన్నో నగరాలకు చేరాయి. మొదట దింపిన చోట నుంచి కొందరు లూయిస్టన్‌కి వచ్చారు. అద్దెలు తక్కువని, అప్పటికే అక్కడ సోమాలీలు ఉన్నారని. ఊరు వాళ్ళని వెంటనే దగ్గరికి తీయలేదు. 2002లోనే ఆ ఊరి మేయరు, ఇక రావద్దని సోమాలీలకు బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖ తర్వాత ఊరివాళ్ళు వేల సంఖ్యలో సోమాలీల పక్షాన సభ జరిపారన్నది కూడా చెప్పాలి.

జుబ్బా దిగువ సరిగ్గా భూమధ్యరేఖ దగ్గర ఉంటుంది. అక్కడ ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలే. లూయిస్టన్‌లో జూన్‌లో పగలు పదిహేను గంటలు దాటుతుంది. ఉష్ణమండలపు మొక్కజొన్న, జొన్న రకాలు చాలా వరకు పొద్దు తగ్గితేనే పూతకొస్తాయి. వాటిని తెచ్చి మెయిన్‌లో వేస్తే మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతాయి, పచ్చగా నవనవలాడతాయి, కంకి మాత్రం వేయవు. పూత పట్టే సమయానికి సెప్టెంబరు ఆఖరు వస్తుంది, ఒక్క రాత్రి గడ్డమంచు కొట్టి చేను నల్లబడిపోతుంది. మే నెల సగం దాటేదాకా మంచు భయం ఉంటుంది కాబట్టి, పంటకి చేతిలో ఉన్నది మొత్తం నాలుగు నెలలే.

అలాగని అమెరికా అంతా దొరికే స్వీట్‌కార్న్ వీళ్ళకి పనికిరాదు. వీళ్ళ ఇంటి తిండి సూర్, అంటే మొక్కజొన్న పిండి సంకటి. దానికి గట్టి గింజ కావాలి, నీళ్ళు తక్కువ, పిండి ఎక్కువ. మెయిన్ నేల మీద అక్కడి ఆదివాసులు, వబనాకీ తెగలు, శతాబ్దాలుగా పండించింది అలాంటి గట్టి గింజ మొక్కజొన్నే. చలికి తట్టుకుని, తొందరగా కాపుకొచ్చే రకం. సోమాలీ బంటూ కమ్యూనిటీ అసోసియేషన్ వాళ్ళు నడిపే లిబరేషన్ ఫామ్స్ పొలాల్లో ఇప్పుడు ప్రధాన పంట గట్టి గింజ మొక్కజొన్న. పిండి పట్టించి అమ్ముతున్నారు కూడా. ఎక్కడి జుబ్బా, ఎక్కడి వబనాకీలు! రెండు జనాలూ ఒకే రకం గింజని మెచ్చుకోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

గింజ ఎండిందో లేదో వాళ్ళు చూసే తీరు మన రైతులదే. గింజ పంటి కింద పెట్టి కొరుకుతారు. టక్కుమని పగిలితే మరకి పోవచ్చు, నొక్కుకుపోతే ఇంకా ఆరబెట్టాలి. రెండు కంకులు ఒకదానితో ఒకటి రుద్ది గింజ రాలుస్తారు. పక్కన కూర్చుని నేనూ రాల్చాను, వాళ్ళ పిల్లలు "అదేర్ (బాబాయ్), అలా కాదు, ఇలా తిప్పాలి" అని మణికట్టు ఎలా తిప్పాలో చూపించారు.

ఆకుకూరల సంగతి మొక్కజొన్నకి తిరగబడి ఉంటుంది. తోటకూర, గోగు రకాల్లో కూడా చాలావాటికి పొద్దు తగ్గితేనే పూత. ఆకు కోసం పెంచేవాళ్ళకి అది వరం. పొడుగు పగళ్ళలో మొక్క పూతకి పోకుండా కొమ్మ మీద కొమ్మ వేస్తుంది, కోసేకొద్దీ ఆకు వస్తుంది. కర్రపెండలం మాత్రం ఏం చేసినా రాదు, దానికి ఏడాది వేడి కావాలి. దాని ఆకు తినే కాంగో, బురుండి ఇళ్ళవాళ్ళు గడ్డకట్టించిన ఆకు ప్యాకెట్లు కొనుక్కుంటారు. కాబట్టి మీరు ఏ జనంతో పనిచేసినా ముందు మూడు జాబితాలు రాయండి: నేరుగా వచ్చే పంట, రకం మార్చుకుంటే వచ్చే పంట, ఎప్పటికీ రాని పంట. మూడోదాన్ని పెద్దవాళ్ళకి నిజాయితీగా చెప్పండి. ఆశపెట్టి ఒక వేసవి వృథా చేయించకండి.

7. ఒంటరి మడి వాళ్ళది కాదు

అమెరికాలో కొత్త రైతులకు శిక్షణ ఇచ్చే పద్ధతి ఏమిటంటే, తలా ఒక మడి, తలా ఒక లెక్క పుస్తకం, మూడు నాలుగేళ్ళలో సొంత వ్యాపారం. కన్సస్ సిటీలో 2008లో మొదలైన కార్యక్రమం, మెయిన్‌లో 2002 నుంచి నడిచినది, శాన్ డియేగోలోది, అన్నీ ఎంతో మేలు చేశాయి. శాన్ డియేగో సిటీ హైట్స్‌లో రెండెకరాల పైచిలుకు తోట కోసం సోమాలీ బంటూలు, ఇతర శరణార్థులు నగరపాలక సంస్థ అనుమతికి ఎంతో కాలం పట్టు వదలకుండా తిరిగారు. 2010లో మిషెల్ ఒబామా వచ్చి ఆ తోట చూశారు, ఆ తర్వాత నగరం తోటల నిబంధనలనే సడలించింది.

కానీ తలా ఒక మడి అన్నది జుబ్బా పద్ధతి కాదు. లిబరేషన్ ఫామ్స్‌లో మొక్కజొన్నని ఇస్కాషీతో అనే గుంపు పద్ధతిలో పండిస్తారు. కొన్ని కుటుంబాలు కలిసి ఒక చేను వేసుకుని, కలిసి కలుపు తీసి, పంట పంచుకుంటాయి. కూరగాయలకు ఇంటింటికీ వేరే మడి. మా చిన్నప్పుడు పల్లెల్లో కలుపులకీ కోతలకీ బదులు పని ఉండేది, ఇవాళ నీ చేలో, రేపు నా చేలో. అందులో డబ్బు మారదు, ఎగ్గొట్టినవాడి మొహం ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఇదీ అంతే. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తల్లి ఒక్కతే ఒక మడి మొత్తం చూసుకోలేదు, పదిమంది గుంపులో తన వంతు చేయగలదు. పద్ధతి మార్చమని వాళ్ళని ఒత్తిడి చేయకుండా, లెక్క పుస్తకాన్నే గుంపుకి తగ్గట్టు మార్చుకున్న సంస్థల దగ్గర పని సాగడం చూశాను.

మొక్కజొన్న మధ్య బీన్సు, గుమ్మడి కలిపి వేయడాన్ని చిందరవందర అనుకునే సలహాదారులు ఇంకా ఉన్నారు. గుమ్మడి పరుచుకుంటే కలుపు అణుగుతుంది, దాని లేత ఆకు కూరకి వస్తుంది, బీన్సు నేలకి బలం. కలుపుమందు కొనే డబ్బు లేనివాళ్ళ పద్ధతి అనకండి, నాకు తెలిసిన శాస్త్రం ప్రకారం కూడా అది మంచి పద్ధతే.

8. కొనేవాళ్ళు ఎక్కడున్నారో పండించేవాళ్ళకే ముందు తెలుస్తుంది

ఆకులు ఎవరు కొంటారని మొదట్లో మార్కెట్ సలహాదారులు సందేహించేవారు. చిలగడదుంప ఆకు, తెల్లగా కోడిగుడ్డంత ఉండే ఆఫ్రికా వంకాయ, తోటకూర, పుల్లటి గోగాకు. రైతులకు సందేహం లేదు. మెయిన్‌లోనే ఉన్న పోర్ట్‌లాండ్‌లో కాంగో, అంగోలా జనం ఉన్నారు. 2019 వేసవిలో ఒక్కసారిగా వందల మంది వచ్చి క్రీడా మైదానపు భవనంలో తలదాచుకున్నారు. వాళ్ళకి న్గాయ్ న్గాయ్ కావాలి. అది మన గోంగూరే, అదే కుటుంబం, అదే పులుపు. వాళ్ళు చేపతో వండుతారు, మనం మాంసంతో, పప్పుతో. బర్మా నుంచి వచ్చిన శరణార్థులూ దాన్నే వెతుక్కుంటారు. గోగు జాతి మొక్కలకు పుట్టిల్లు ఆఫ్రికా. బొబ్బర్లు, జొన్న, సజ్జ, రాగి కూడా అక్కడివే. మన పొలాలకు అవి చేరి వేల ఏళ్ళు అవుతున్నా పెట్టినవాళ్ళ చెయ్యి ఆఫ్రికా చెయ్యే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇక్కడొక మాట. గోంగూర కోసం గంటసేపు కారు నడిపి, ఇండియన్ స్టోర్లో వాడిపోయిన కట్ట కొంటుంటారు. మీ ఊరి రైతుబజారులో ఆఫ్రికా శరణార్థి రైతుల బల్ల ఉందేమో ముందు చూడండి. అట్లాంటా పక్కన డెకటూరులో బురుండి ఆడవాళ్ళు 2010 నుంచి సేద్యం చేస్తున్నారు. కన్సస్ సిటీలో, శాన్ డియేగోలో ఉన్నారు. పచ్చడికి ఎంత కావాలో, ఏ లేతదనంలో కావాలో చెప్పి నాటే ముందే మాట ఇస్తే మీ కోసం వేసేవాళ్ళుంటారు. చిన్న రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకు ఇచ్చే పథకం కొత్త విడతను అమెరికా వ్యవసాయ శాఖ 2025 మార్చిలో రద్దు చేసింది. దాన్ని నమ్ముకుని నారు పోసుకున్న పొలాలకు పెద్ద దెబ్బ తగిలింది. ఇప్పుడు నేరుగా కొనేవాళ్ళు మునుపటికన్నా ఎక్కువ అవసరం.

9. మేక లేని సేద్యం సగం సేద్యమే

ఇది చిన్న సంగతే. వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్ దగ్గర కాల్‌చెస్టర్‌లో శరణార్థులు మేకల పొలం నడుపుతున్నారు. పాల డెయిరీలకు మేక పోతులు అక్కరలేదు. ఆ పోతుపిల్లల్ని తెచ్చి మేపి పెంచితే, పండగకి తాజా మాంసం కావాల్సిన సోమాలీలు, రువాండావాళ్ళు, భూటాన్ నుంచి వచ్చిన నేపాలీలు స్వయంగా వచ్చి ఏరుకుని, తమ ఆచారం ప్రకారం కోసుకుంటారు. డెయిరీకి భారం తగ్గింది, పొలానికి పెంట వచ్చింది. విత్తనాల మనిషిని కాబట్టి చెబుతున్నాను, పశువు సంగతి వదిలేసి పంట ప్రణాళిక రాయకండి.

10. కౌలు ఎన్నేళ్ళో చూశాకే మిగతావి

మొదట్లో లూయిస్టన్ రైతులు కౌలు పొలాల్లో చేశారు. కౌలు మారినప్పుడల్లా బాగుచేసుకున్న మట్టి వదిలి వెళ్ళాలి. కొందామంటే బ్యాంకు అప్పుకి వడ్డీ కట్టాలి, వడ్డీ వీళ్ళ మతంలో నిషిద్ధం. అందుకని వేరే ఏర్పాటు వెతికారు. విరాళాలు పోగు చేసి, వేల్స్ అనే ఊళ్ళో వంద ఎకరాల పైచిలుకు పొలాన్ని ఉమ్మడి ధర్మకర్తల సంస్థ పేర కొన్నారు. ఆ భూమిని మళ్ళీ అమ్మడానికి వీలుండదు, దీర్ఘకాలపు కౌలు మీద వాళ్ళే సాగు చేసుకుంటారు. దానికి 'లిటిల్ జుబ్బా' అని పేరు పెట్టుకున్నారు. 1975లో పోయిన హక్కు ఇంకో ఖండంలో, ఇంకో రూపంలో, కాయితం మీద దక్కింది.

చేతిలో భూమి నిలుస్తుందని తెలిశాక రైతు ఏం చేస్తాడో గమనించండి. పెంట తోలుతాడు, దాని ఫలం మూడో ఏటికి గానీ రాదు. మంచి కంకులు ఏరి వేలాడదీసి సొంత విత్తనం కట్టుకుంటాడు. పండ్ల చెట్టు నాటుతాడు. ఏడాది కౌలు మడిలో ఈ మూడూ ఎవరూ చేయరు, చేయమని చెప్పడం కూడా న్యాయం కాదు.

వాళ్ళ పిల్లలు నర్సులవుతారు, ట్రక్కులు నడుపుతారు, కంప్యూటర్ పనుల్లో చేరతారు. వాళ్ళని పొలానికి కట్టేయాలని పెద్దవాళ్ళు కూడా కోరుకోవడం లేదు. సెలవుల్లో వచ్చి కంకులు రాలుస్తున్నారు, అమ్మమ్మ మాట్లాడే మై మై భాష వింటున్నారు. వాళ్ళలో ఎవరో ఇద్దరు ముగ్గురు నిలబడినా, అప్పటికి పొలం అక్కడే ఉండాలి కదా.

అందుకని రేపు మీరు కంపాలాకి వెళ్ళినా, కకూమాకి వెళ్ళినా, ఇక్కడికి వచ్చినా, మీ ప్రాజెక్టు కాయితంలో విత్తనాల పట్టిక కన్నా ముందు కౌలు ఒప్పందం పేజీ తీయండి. మూడేళ్ళ లోపుదైతే సంతకం చేసేముందు పైవాళ్ళతో మాట్లాడి పొడిగించమని అడగండి. కాదంటే, ఆ నేల మీద ఆకుకూరలు మాత్రమే వేయించండి, రైతుకి కారణం కూడా చెప్పండి.